ద్రాక్ష మీది తెల్లపొడి

పుత్తూరు,
14 మార్చి 2025.

భానుశ్రీకి,

నీ నంబరు బ్లాక్ చేశాను కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఫోన్లో అయితే మధ్యలో అందుకుని టీచరు గొంతుతో నాకు పాఠం మొదలుపెడతావు. కాగితం మీద అయితే నేను చెప్పేది పూర్తయ్యేదాకా నోరు మూసుకుని వినక తప్పదు.

మంగళవారం సాయంత్రం బస్టాండు ముందర నా బండి దగ్గరికి యోగానంద అనే మనిషి వచ్చాడు. పదేళ్లుగా నా దగ్గర తప్ప ఇంకెక్కడా పండు కొనని వరదమ్మ అనే పెద్దామె కొడుకు. వచ్చినవాడు ఒక్క ముక్క అడగలేదు. "నా బిడ్డకు విషం పెడతావా?" అని బండి అంచు రెండు చేతులా పట్టుకుని పైకెత్తేశాడు. ద్రాక్ష, సపోటా, తక్కెడ, నేను అన్నీ కలిసి రోడ్డు మీద పడ్డాం. ఎడమ మణికట్టు విరిగింది. విరిగిన ఎముకలకు కట్టు కోసం మన ఊరికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు కదా, నేను రోడ్డు దాటి వెళ్లాను, అంతే తేడా.

నేను కింద కూర్చుని చెయ్యి పట్టుకుని ఉంటే అతను నా మొహం మీదికి ఫోన్ పెట్టాడు. అందులో నీ గొంతు. నా బండి. ఎండకు పైన కట్టే, మీ బావ అతుకు వేసిన నా నీలం పట్ట. తర్వాత నల్లద్రాక్షను గోటితో గీకి, తెల్లపొడిని నల్లగుడ్డ మీద రాల్చి నువ్వన్న మాట: "చూశారా, మన చేత్తో మనం పిల్లలకు పెడుతున్న విషం ఇదే." ఆ ద్రాక్ష ఫిబ్రవరిలో నువ్వు వచ్చినప్పుడు నేను నీకు ఊరికే ఇచ్చిన గుత్తి.

చుట్టూ చేరినవాళ్లు ఆ వీడియో ముందే చూసి ఉన్నారు. ఒకడు నా ద్రాక్షను చెప్పుకాలితో తొక్కి, "ఇంత తెల్లగా ఉండాదే, కండ్లు లేవా నీకు?" అన్నాడు. ఒక్కరు కూడా నా చెయ్యి సంగతి అడగలేదు.

మరుసటి రోజు బాలసుబ్రమణ్యం సారు ఇంటికి వచ్చి చూసిపోయాడు. పండ్లతోటల గురించి కాలేజీలో ముప్పై ఏళ్లు పాఠం చెప్పి రిటైరైన మనిషి. ఆయన మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను, చదువుకో. "అది పురుగుమందు కాదమ్మా. ద్రాక్షకు పుట్టుకతో వచ్చే పూత. మైనం మాదిరిది. పండులో నీళ్లు ఆరిపోకుండా కాపాడతాది. మా పెరట్లో తీగకు నేను చుక్క మందు కొట్టినోణ్ణి కాను, దానికీ ఉంటాది. పూత చెదరకుండా ఉందంటే పండును ఎవరూ ఎక్కువ పిసకలేదని అర్థం."

నీకు తెలియకపోతే ఎవరినైనా అడగాల్సింది. ఆ వీడియో తీసెయ్. తప్పు చెప్పానని అదే మొహంతో, అదే గొంతుతో ఇంకో వీడియో పెట్టు. అంతవరకు నన్ను అక్కా అని పిలవకు.

లోకేశ్వరి

*

తిరుపతి,
21 మార్చి.

లోకేశ్వరి అక్కకు,

పిలవవద్దన్నా పిలుస్తాను. మా అమ్మా మీ అమ్మా ఒక తల్లి కడుపున పుట్టినవాళ్లు, అది నీ కోపంతో మారదు.

నీ చెయ్యి విరిగినందుకు చాలా బాధపడ్డాను. కానీ ఆ మనిషి చేసిన దౌర్జన్యాన్ని నా మీద వేయడం న్యాయం కాదు. నేను నీ పేరు చెప్పలేదు, ఊరి పేరు చెప్పలేదు. ఆ రోజు ఊరికే ఫోన్లో తీసుకున్న ముక్కలో బండి కనిపించింది రెండు క్షణాలు. అది నీదని ఎవరో గుర్తుపడితే నేనేం చేయగలను?

పండ్ల మీద మందులు ఉంటాయన్నది నేను కల్పించిన మాట కాదు. మా స్కూల్లో తల్లులు రోజూ అడుగుతారు, "మేడం, ఏం పెట్టాలి, ఎట్లా కడగాలి" అని. వాళ్ల కోసం ఆ వీడియోలు చేస్తున్నాను. ఉప్పునీళ్లలో కాసేపు నానబెట్టి కడుక్కోమన్నాను. ఆ మాట వల్ల ఎవరికి ఏం నష్టం? ఆ సారు చెప్పింది నిజమే కావచ్చు. అయితే పూత ఏదో, మందు ఏదో మామూలు మనిషికి కంటితో ఎలా తెలుస్తుంది? అనుమానం ఉన్నప్పుడు జాగ్రత్తపడమనడం తప్పు కాదు.

వీడియోలో నీ బండి కనిపించే ముక్క తీసేశాను. అంతకన్నా చేయాల్సింది ఉందని నేను అనుకోవడం లేదు. చేతికి బరువు తగలనీయకు. పెద్దమ్మను అడిగానని చెప్పు.

భానుశ్రీ

*

పుత్తూరు,
30 మార్చి.

భానూ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఊరుకున్నాను. "ఉప్పునీళ్లు" అన్న మాట దగ్గర నాకు ఏదో తేడా కొట్టింది. బండి పడేసిన రోజు యోగానంద ఫోన్లో నేను విన్నదాంట్లో ఉప్పు మాటే లేదు. సరే, నొప్పిలో వినలేదేమో అనుకుని నిన్న వరదమ్మ ఇంటికి వెళ్లాను.

ఆమె నన్ను గడప దాటనివ్వలేదు. "ఏం మొగం పెట్టుకోని వచ్చినావు?" అంది. "పాపను సూసి పోతానమ్మా, నువ్వు తిట్టేది తర్వాత తిట్టు" అన్నాను. పాప పేరు ధరణి. అయిదేళ్లు. లోపల గడపకు ఎదురుగా మంచం మీద కూర్చుని మజ్జిగ తాగుతోంది. పెదవుల చుట్టూ తోలు ఊడి ఎర్రగా ఉంది. నాలుక మీద పుండ్లు ఇంకా పూర్తిగా మానలేదు. మూడు రోజులు తిరుపతి ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించారట. నన్ను చూసి నవ్వబోయి, నొప్పి పుట్టి ఆపేసింది. బండి దగ్గరికి వచ్చినప్పుడల్లా నేను ఒక సపోటా చేతిలో పెట్టే పిల్ల అది.

నేను అక్కడే కింద కూర్చున్నాను. వరదమ్మే వచ్చి పక్కన కూర్చుని చెప్పింది.

"ఆ టీచరమ్మ సెప్పినట్టే చేసినా లోకేశ్వరీ. బకెట్టు నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడు పోసినా, బ్లీచింగు పొడి సెంచాడు ఏసినా. తెల్లపొడి పోలేదని ఇంకో రెండు సెంచాలు ఏసినా. గంటసేపు నానబెట్టి, గుడ్డతో తుడిచి పాపకిచ్చినా. ఆస్పత్రిలో డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, ఎట్ల కడిగినావని అడిగి, 'పండు వల్ల కాదు, నువ్వు నానబెట్టిన నీళ్ల వల్ల' అనింది. పండు తోలు అంతా పీల్సుకుంటాదంట. ఆ మాట నా కొడుక్కి సెప్పలేదు. సెప్తే నన్ను ఇంట్లో ఉండనిస్తాడా?"

నేను ఫోన్ అడిగాను. ఆమె కోడలు నందిని, అదే పాప తల్లి, మొదట్లోనే ఆ వీడియోను అత్త ఫోన్లో సేవ్ చేసి పెట్టింది. వరదమ్మా నేనూ కలిసి చూశాం. గిన్నెలు తోమే లిక్విడు, చెంచాడు బ్లీచింగు, అరగంట. నీ నోటితోనే, భానూ. ఇప్పుడు నీ చానల్లో ఉన్న వీడియోలో ఆ ముక్క లేదు. దాని బదులు ఉప్పునీళ్లని నీ గొంతు విడిగా అతికించి ఉంది.

తప్పు తెలియక చెప్పావనుకున్నాను. తెలిశాక కత్తిరించావు. కత్తిరించి, ఏమీ ఎరగనట్టు నాకు ఉత్తరం రాశావు. ఒక ముసలామె తన కొడుకుకు భయపడి ఇంట్లో దొంగలా తిరుగుతోంది. పాపకు హాని చేసిందని నన్ను ఊరంతా అంటోంది. నువ్వు మాత్రం అక్కడ పిల్లల ముందు నిలబడి నిజమే చెప్పాలని పాఠం చెబుతున్నావు.

ఒక్క ప్రశ్న. ఆ ముక్క ఏ రోజు తీసేశావు? తేదీ రాయి.

లోకేశ్వరి

*

తిరుపతి,
8 ఏప్రిల్.

అక్కా,

మార్చి 11, మంగళవారం, మధ్యాహ్నం. నీ బండి పడకముందు.

ఆ రోజు భోజనాల వేళ నాకు నువ్వు రాసిన ఆ నందిని నుంచే మెసేజి వచ్చింది. సూళ్లూరుపేట దగ్గర కంపెనీలో పని చేస్తానని, డ్యూటీలో ఉన్నానని రాసింది. "మేడం, మీరు చెప్పినట్టే మా అత్తమ్మ కడిగింది. అయినా పాపకు వాంతులు, నోరంతా పుండ్లు. ఆ ద్రాక్షలో ఏం ఉందంటారు?" చదవగానే నాకు అర్థమైంది. ఆ బ్లీచింగు సంగతి నేను ఎవరో పెట్టిన వీడియోలో చూసి, పరీక్షించకుండా చెప్పిందే. ముందు ఆ ముక్క కత్తిరించాను. తర్వాత ఆమెకు జవాబు రాశాను. నువ్వు అడక్కపోయినా ఆ జవాబు రాస్తున్నాను: "మందు మరీ ఎక్కువ కొట్టి ఉంటారు. ఎక్కడ కొన్నారో కనుక్కోండి."

ఆమె భర్తకు చెప్పింది. అతను నీ దగ్గరికి వచ్చాడు. నీ చెయ్యి విరగ్గొట్టింది ఆ మనిషి కాదు. బకెట్లో ఏం కలిపారో డాక్టరుకు చెప్పమని ఒక్క వాక్యం రాసి ఉంటే పాపకు వైద్యం తొందరగా అందేది. అది కూడా రాయలేదు.

నిజం అడిగావు, చెప్పాను. ఇప్పుడు నేనూ ఒకటి అడుగుతాను. ఇన్నాళ్లు నోటిదాకా వచ్చి ఆగిన మాట.

ఫిబ్రవరిలో నేను నీ బండి దగ్గరికి వచ్చినప్పుడు ముందు ట్రేలో ఉన్న ద్రాక్ష మీద చెయ్యి వేశాను. నువ్వు నా చెయ్యి పట్టుకున్నావు. "అది వద్దులే, నీకు వెనకాల ఉండేది ఇస్తా" అన్నావు. నీ మొహం మారిపోయింది. నేను ఏదీ అడగక ముందే బండి కిందినుంచి వేరే ట్రే లాగి గుత్తి తీసిచ్చావు. అదే ముందు ట్రేలోంచి నీ పక్కన నిలబడిన ఆమెకు కిలో తూచి ఇచ్చావు. చెల్లెలికి వద్దన్నది ఊరికి ఎలా పనికొచ్చింది?

తిరుపతి బస్సులో దారి పొడుగునా అదే ఆలోచించాను. ఇంటికొచ్చి నువ్విచ్చిన గుత్తిని లైటు కింద పెట్టి చూశాను. తెల్లగా కనిపించింది. దొరికింది అనుకున్నాను. నాకు తెలియక వీడియో చేశానని నువ్వు అన్నావు. తెలియకే చేశాను. కానీ అనుమానం నీ మొహంలోంచే వచ్చింది. నా తప్పు ఒప్పుకున్నాను కాబట్టి అడిగే హక్కు నాకుంది. ఆ ముందు ట్రేలో ఏముంది?

భాను

*

పుత్తూరు,
17 ఏప్రిల్.

భానూ,

నీ ఉత్తరం చించి పొయ్యిలో పడేద్దామనుకున్నాను. "ఎందుకే అంత కోపం, అందులో అబద్ధం ఏముండాది?" అని మీ బావ అడిగాడు. ఏమీ లేదు. అందుకే కోపం.

ఆ రోజు పండ్లు టోకుగా అమ్మే మండీలో నాకు కావలసినంత సరుకు దొరకలేదు. జయరావు అనే ఏజెంటు పిలిచి ఇచ్చాడు. "తోటోడికి అవసరం వచ్చి ముందే కోసేసినాడు. మందు కొట్టి నాలుగు దినాలే అయింది. నీళ్లలో జాడించి అమ్ముకో, ఎవరికి తెలుస్తాది?" అన్నాడు. ఆ మందు కొట్టాక కోతకు కనీసం మూడు వారాలు ఆగాలట. అది అతనే నవ్వుతూ చెప్పాడు. నేను తీసుకున్నాను. సగం ఖాళీ బండితో నిలబడలేక తీసుకున్నాను. మా ఇంట్లో ఒక్క పండు నోట్లో పెట్టనివ్వలేదు. ఊరికి అమ్మాను.

జాడించి అమ్మమన్నాడు కదా, జాడించాను. తోమి తోమి కడిగాను. పైనున్న పూత పోయి ద్రాక్ష నల్లగా, గాజుపూసల్లా మెరిసింది. చూసినవాళ్లంతా "ఈ దినం భలే ఉండాయే" అని ముందు అవే అడిగారు. నీకిచ్చినవి వేరే తోటవి, మంచివి, తెల్లపూత చెదరనివి. నువ్వు లోకానికి విషమని చూపించింది మంచి ద్రాక్షను. చెడ్డది పక్కనే నిగనిగలాడుతూ ఉంది. దాన్ని కంటితో నువ్వూ కనిపెట్టలేవు, బాలసుబ్రమణ్యం సారూ కనిపెట్టలేడు.

ఎవరికీ ఏమీ కాలేదు అని రెండు నెలలు నాకు నేను చెప్పుకున్నాను. ఏమీ కాలేదని నాకెలా తెలుసు? కొన్నవాళ్లు తిరిగొచ్చి చెబుతారా? నీ తప్పు ఒక పాప మొహం మీద కనిపించింది. నాది ఎక్కడా కనిపించదు. అందుకే నేను అంత గట్టిగా అరవగలిగాను.

సారు దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "పైన అంటుకున్నది పారే నీళ్లతో చేత్తో రుద్దితే కొంత పోతాదమ్మా. లోపలికి దిగింది ఏ నీళ్లకూ పోదు. అది ఆగాల్సింది తోటలో, మండీలో. కొనేవాళ్ల వంటింట్లో కాదు" అన్నాడు.

సోమవారం కట్టు చేత్తోనే మండీకి వెళ్లాను. జయరావు నవ్వుతూ ట్రే ముందుకు తోశాడు. అందరూ వినేటట్టు అడిగాను, "మందు కొట్టి ఎన్ని దినాలైంది?"

"ఏందిమే, కొత్తగా అడుగుతావు?"

"ఫిబ్రవరిలో అడగకుండానే సెప్పినావు కదప్పా. నాలుగు దినాలని. ఈ దినమూ సెప్పు."

"నువ్వు ఒక్కదానివి తీసుకోకపోతే నా లోడు ఆగిపోతాదా?"

"ఆగదు. నేను తీసుకోను, అంతే. ఎందుకు తీసుకోలేదో బండి కాడ నిలబడి అందరికీ సెప్తా. నీ పేరుతోనే సెప్తా."

నా పక్కన తిరుమలమ్మ అని ఇంకో పండ్లామె ఉంది. ఆమె చేతిలోని ట్రేని కింద పెట్టేసింది. ఆ ఒక్కతే. మిగిలినవాళ్లు తలలు దించుకుని తూకం వేయించుకున్నారు. లోడు అమ్ముడుపోయింది. సినిమాలో మాదిరి ఏమీ జరగలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాకు ఏడుపు రాలేదు, ఒళ్లంతా మండింది. జయరావు మీద, నా మీద, నీ మీద.

బండి పెట్టాక నాకు తెలిసినవాళ్లకు ఫిబ్రవరి సంగతి చెప్పడం మొదలుపెట్టాను. ఇద్దరు మళ్లీ రాలేదు. నా వంతు నేను మొదలుపెట్టాను. ఇంక నీ వంతు. నాకు చెప్పుకుంటే సరిపోదు. వరదమ్మ ఇంకా కొడుకు ముందు తల ఎత్తడం లేదు.

లోకేశ్వరి

*

తిరుపతి,
4 మే.

అక్కా,

చేసినవి మాత్రం రాస్తాను, సంజాయిషీలు రాయను.

ఏప్రిల్ 24న కొత్త వీడియో పెట్టాను. మొహం కనిపించేటట్టు కూర్చుని చెప్పాను. ద్రాక్ష మీది తెల్లపూత సహజమైనదని, నేను చెప్పింది తప్పని. సబ్బు, లిక్విడు, బ్లీచింగు ఏ పండుకూ తగలనీయవద్దని, నా మాట విన్నందుకు ఒక పాప ఆసుపత్రి పాలైందని, అది తెలిసీ ఆ ముక్క దాచానని. తినే ముందు చేతులు కడుక్కుని, పారే నీళ్ల కింద పండును రుద్ది కడిగితే చాలని. తొక్క తీసి తినే పండునైనా కోసే ముందు కడగాలని, లేకపోతే పైనున్న మురికి కత్తి వెంట లోపలికి పోతుందని. తెచ్చిన వెంటనే కడిగి దాచుకోవద్దని, తడికి తొందరగా కుళ్లుతాయని. ఎంత కడిగినా అంతా పోదని కూడా చెప్పాను.

మొదటి వీడియోను లక్షన్నర మంది చూశారు. దీన్ని పది రోజుల్లో నాలుగు వందల మంది. ఏ పండ్లవాళ్ల దగ్గర ఎంత తీసుకున్నావని కింద తిట్లు. పాత వీడియో నేను తీసేసినా ఇంకా ఎవరెవరి ఫోన్లలోనో తిరుగుతోంది. మొన్న మా స్కూలు గ్రూపులోకే ఎవరో పంపారు, "జాగ్రత్త" అని రాసి. నా గొంతును నేనే ఆపలేకపోతున్నాను అక్కా. అలాంటి మెసేజిలకు జవాబులు రాస్తూ కూర్చుంటే ఒళ్లు తెలియని కోపం వస్తోంది. ఎవరి మీదో కూడా తెలియడం లేదు.

స్కూలు వాళ్లు కొత్త వీడియో తీసేయమన్నారు. టీచరు తప్పు ఒప్పుకుంటే తల్లిదండ్రులకు నమ్మకం పోతుందట. తీయనన్నాను. జూన్ నుంచి రావద్దన్నారు.

నిన్న పుత్తూరు వచ్చాను. నీ బండి ఉన్న వైపు రాకుండా చుట్టూ తిరిగి వరదమ్మ ఇంటికి వెళ్లాను. యోగానంద, నందిని ఇద్దరూ ఉన్నారు. నేను ఎవరో చెప్పగానే నందిని లేచి నిలబడింది. "మీ అత్తమ్మ తప్పు లేదు. ఆమె చేసింది నేను చెప్పిన పనే. నీ మెసేజి చదివి నేను నీకు అబద్ధం రాశాను" అన్నాను. పాత వీడియో పెట్టి, కత్తిరించిన ముక్క వినిపించాను.

యోగానంద ఫోన్ తీసుకుని ఆ ముక్క మళ్లీ పెట్టుకుని విన్నాడు. తర్వాత, "మా అమ్మ నెలన్నరగా నాతో కలిసి కూర్చోని అన్నం తిన్లేదు. ఏందికో తెలీక నేను కసురుకుంటా ఉండినా" అన్నాడు. నందిని నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. "మీరు రాసిన మాట నమ్మి నేనే మా ఆయనను ఆ పండ్లామె మీదికి పంపినా. డాక్టరమ్మ అడిగితే కూడా ద్రాక్ష అనే సెప్పినా. ఇంక పోండి" అంది. గుమ్మం దాటుతుంటే వెనకాల వరదమ్మ ఏడుపు వినిపించింది.

నువ్వు పెట్టిన షరతు తీరిందో లేదో నాకు తెలియదు. అక్కా అనే రాస్తున్నాను.

భాను

*

పుత్తూరు,
19 మే.

భానూ,

కట్టు విప్పారు. చెయ్యి పూర్తిగా తిరగడం లేదు, నూనె రాసుకోమన్నారు. ద్రాక్ష కాలం అయిపోయింది. ఇప్పుడు మామిడి పెడుతున్నాను. ఏ తోటదో, ఎన్ని రోజుల కింద మందు కొట్టారో తోటవాళ్లనే అడిగి తెస్తున్నాను. చెప్పనివాళ్ల దగ్గర తేను. సరుకు సగానికి తగ్గింది.

నీ మీద కోపం పోలేదు. నువ్వు ఉద్యోగం పోగొట్టుకున్నావని నేను జాలిపడటం లేదు. చేయాల్సింది చేశావు, నెలన్నర ఆలస్యంగా. నా గురించి కూడా నేను ఇదే అనుకుంటున్నాను.

అయినా ఈ సంగతి నీకే రాయాలనిపించింది.

నిన్న పొద్దున యోగానంద వచ్చాడు. బండికి రెండు బారల దూరంలో ఆగాడు. నేను మామిడికాయలు సర్దుకుంటూ ఉన్నాను. నా చేతులు వాటంతటవే బండి అంచును పట్టుకున్నాయి. అతను చూశాడు, ఇంకో అడుగు వెనక్కి వేశాడు. క్షమించమని అడగలేదు. అడుగుతాడని నేనూ ఎదురుచూడలేదు. "పాపకు మామిడిపండు కావాలంట" అన్నాడు.

నాలుగు పండ్లు ఏరి తూకంలో వేశాను. అతను వాటినే చూస్తూ చాలా మెల్లగా అడిగాడు.

"ఎట్ల కడగాల?"

"నీళ్లతోనే. కొళాయి కింద పట్టి చేత్తో రుద్దు. తొడిమ కాడ జిగురుంటాది, అది బాగా పోనీ. కడిగినాకే కొయ్యి."

తల ఊపాడు. సంచి అందుకోబోయి ఆగాడు. ఏదో అడగాలని ఉంది, నా మొహం చూసి అడగలేకపోతున్నాడు. నేనే చెప్పాను.

"మందు కొట్టి ఇరవై ఆరు దినాలైందప్పా. తోటకాడికి పోయి అడిగి తెచ్చినా."

అతను సంచి తీసుకుని వెళ్లిపోయాడు. ఇన్నేళ్లలో నా బండి మీది పండు గురించి, అమ్మేటప్పుడే, ఒక మనిషి మొహంలోకి సూటిగా చూసి నేను చెప్పిన మొదటి మాట అది.

లోకేశ్వరి అక్క